కొండమీది వేసవి మేత, దిగువన శీతాకాలపు ఇల్లు: ప్రాచీన కెల్టిక్ పశుపోషణపై చర్చ

చరిత్ర పాఠకుడు:

అందరికీ నమస్కారం. ప్రాచీన కెల్టిక్ భాషలు మాట్లాడిన ప్రజల గురించి చదువుతున్నప్పుడల్లా ఒక వర్ణన పదేపదే కనిపిస్తోంది. వాళ్లు ఆవులు, గొర్రెలు, మేకలు, పందులు, గుర్రాలు అన్నింటినీ వెంటబెట్టుకుని, వేసవిలో ఒక చోట, శీతాకాలంలో మరో చోట ఉంటూ, స్థిరనివాసం లేకుండా తిరిగేవాళ్లని రాస్తున్నారు. ఈ మాట నాకు నమ్మదగినదిగా అనిపించడం లేదు. ఇన్ని రకాల జీవాలను ఒకే మందగా తోలడం సాధ్యమేనా? ఊరంతా కదిలేదా, కొందరే వెళ్లేవారా? క్రైస్తవం రాకముందు కాలానికి, అంటే క్రీ.శ. 5వ శతాబ్దానికి ముందున్న ఇనుప యుగానికి, దీన్ని చూపే గట్టి ఆధారాలేమిటి? ఐర్లాండ్, బ్రిటన్‌లకే పరిమితమై మాట్లాడుకున్నా సరే, తెలిసినవారు వివరంగా రాయాలని కోరుతున్నాను.

గాల్వే వాసి:

మీ సందేహం సరైనదే. "స్థిరనివాసం లేకుండా తిరిగేవాళ్లు" అనే ముద్ర చాలావరకు 16వ శతాబ్దంలో ఐర్లాండ్‌కు వచ్చిన ఇంగ్లీషు అధికారులు, రచయితలు వేసినది. కవి ఎడ్మండ్ స్పెన్సర్ 1596 ప్రాంతంలో రాసిన గ్రంథంలో, ఐరిష్ వాళ్లు వేసవిలో మందలతో కొండలకు పోయి గుడిసెల్లో ఉండడాన్ని ప్రాచీన సిథియన్ల సంచార జీవితంతో పోల్చాడు. చట్టానికి తప్పించుకు తిరిగేవాళ్లకు ఆ గుడిసెలు ఆశ్రయమిస్తున్నాయని, కాబట్టి ఆ పద్ధతిని ఆపాలని వాదించాడు. కొత్తగా ఆక్రమించిన నేలలో జనం ఎవరెక్కడున్నారో లెక్క తేలాలని కోరుకునే అధికారి దృష్టి అది.

అసలు పద్ధతి వేరు. ఇంటికీ పొలానికీ ఒక స్థిరమైన చోటు ఉంటుంది. మే నెల మొదట్లో, బెల్టేన్ పండుగ నాటికి, పాడి పశువులను, వాటితోపాటు కుటుంబంలో కొందరిని కొండమీది మేత భూములకు పంపిస్తారు. నవంబరు మొదట్లో, సౌన్ పండుగ నాటికి, అందరూ దిగివస్తారు. ఐర్లాండ్‌లో ఆ వేసవి మకాన్ని "బూలీ" అంటారు. స్కాట్లాండ్‌లో దాన్నే "షీలింగ్" అంటారు. వేల్స్‌లో వేసవి మకాం "హావోద్", శీతాకాలపు ఇల్లు "హెన్‌డ్రె". ఐర్లాండ్ పశ్చిమ తీరంలోని ఆకిల్ ద్వీపంలో ఈ అలవాటు 20వ శతాబ్దంలోనూ కొనసాగింది. అక్కడ స్లీవ్‌మోర్ కొండ పాదాన రాతి ఇళ్ల వరుసలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. చాలాచోట్ల ఇంటి నుంచి బూలీకి దూరం ఒక్క పూట నడక మాత్రమే.

పురాతత్వ విద్యార్థిని:

గాల్వే వాసి గారు చెప్పిన రూపం స్పష్టంగా ఉంది. అయితే అందులో ఒక చిక్కు ఉందని ముందే చెప్పాలి. బూలీ గురించి మనకు వివరంగా తెలిసినదంతా 16వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం దాకా ఉన్న రాతల నుంచీ, జనం జ్ఞాపకాల నుంచీ వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు 1500 ఏళ్లు వెనక్కి జరిపి, ఇనుప యుగంలోనూ ఇలాగే ఉండేదని చెప్పడం సరికాదు. పూర్వపు పుప్పొడి రేణువులను సరస్సుల అడుగున, పీట్ నేలల్లో (మొక్కలు పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న తడి నేలల్లో) పొరలు పొరలుగా పరిశీలించిన పరిశోధకులు, దాదాపు క్రీ.పూ. 200 నుంచి క్రీ.శ. 300 దాకా ఐర్లాండ్‌లో చాలాచోట్ల సాగు, మేత భూములు తగ్గి అడవి తిరిగి పెరిగిందని గుర్తించారు. అంటే భూమి వాడకం తెగని తీగలా సాగలేదు.

"కెల్టిక్" అన్న మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. గ్రీకులు, రోమన్లు ఐర్లాండ్, బ్రిటన్ వాసులను కెల్టులని పిలవలేదు. భాషల బంధుత్వాన్ని బట్టి 18వ శతాబ్దం నుంచి ఆ పేరు వాళ్లకు స్థిరపడింది. ఈ చర్చలో దాన్ని భాషా కుటుంబం పేరుగా మాత్రమే తీసుకుంటే మంచిది.

చరిత్ర పాఠకుడు:

ధన్యవాదాలు. అయితే ఇనుప యుగానికి దగ్గరగా ఉన్న లిఖిత ఆధారం ఏదైనా ఉందా? రోమన్ సేనాని సీజర్ ఏదో రాశాడని విన్నాను.

గాల్వే వాసి:

సీజర్ క్రీ.పూ. 54 నాటి దండయాత్ర సందర్భంగా, బ్రిటన్‌లో పశువులు చాలా ఎక్కువని, లోతట్టు ప్రాంతాల్లో చాలామంది ధాన్యం విత్తకుండా పాలు, మాంసంతోనే బతుకుతారని, తోళ్లు ధరిస్తారని రాశాడు. రెండో భాగాన్ని నేలలో దొరికిన ఆధారాలు సమర్థించవు. ఇంగ్లాండ్ దక్షిణాన హాంప్‌షైర్‌లోని డేన్‌బరీ కొండకోటలో 1969 నుంచి 1988 దాకా తవ్వినప్పుడు ధాన్యం నిల్వ చేసిన పాతర్లు వేల సంఖ్యలో బయటపడ్డాయి. అక్కడి ఎముకల్లో గొర్రెలవే ఎక్కువ. సున్నపురాయి గుట్టలమీద మేసిన గొర్రెలు, వాటి ఎరువుతో పండిన ధాన్యం, రెండూ కలిసి నడిచిన వ్యవస్థ అది. చూడని ప్రాంతం గురించి ఒక సేనాని రాసిన మాటకంటే ఆ పాతర్లకే నేను ఎక్కువ విలువనిస్తాను.

ఐర్లాండ్ విషయంలో నాకు అత్యంత విలువైనవిగా తోచేవి క్రీ.శ. 7, 8 శతాబ్దాల న్యాయ గ్రంథాలు. అవి క్రైస్తవ కాలానివే అయినా, వాటిలోని పశు ఆర్థిక వ్యవస్థ ఒక్క రోజులో పుట్టినది కాదు. దాదాపు క్రీ.శ. 700 నాటి ఒక గ్రంథం, స్థితిమంతుడైన రైతుకు ఏమేమి ఉండాలో చెబుతూ 20 ఆవులు, 2 ఆబోతులు, 6 ఎడ్లు, 20 పందులు, 20 గొర్రెలు, ఒక సవారీ గుర్రం అని వివరంగా లెక్కించింది. మీరు అడిగిన మిశ్రమ మంద అదే. పాలిచ్చే ఆవు అప్పట్లో డబ్బుతో సమానం. జరిమానాలు, కన్యాశుల్కం, మనిషి గౌరవ విలువ, అన్నింటినీ ఆవులతోనే కొలిచేవారు.

మందల ఊరివాడు:

మాది అనంతపురం జిల్లాలో గొర్రెలు మేపుకునే కుటుంబం. ఆ 20, 20 లెక్క చూస్తే నాకు వెంటనే వచ్చిన ప్రశ్న ఇది: వీటన్నిటినీ ఒకరే ఒకే చోట మేపలేరు. ఆవు వెనక నడిచే కాపరి గొర్రె వెనక నడవలేడు, వాటి నడక వేరు, మేత వేరు. పందిని మందలో కలిపి తోలడం నేను ఎక్కడా చూడలేదు. కాబట్టి ఏ జీవం ఎక్కడికి పోయేదో విడివిడిగా చెబితే తప్ప ఈ పద్ధతి అర్థం కాదు.

ఒక విషయం మాత్రం పూర్తిగా తెలిసినట్టు అనిపిస్తోంది. కోత అయ్యాక కొయ్యకాళ్లమీద మందను రాత్రిళ్లు నిలిపి, ఆ పెంటకు, మూత్రానికి బదులుగా రైతు దగ్గర ధాన్యం తీసుకోవడం రాయలసీమలోనూ తెలంగాణలోనూ మావాళ్లకు తరతరాల జీవనం. నవంబరులో మందలు కొండ దిగి పొలాలమీదికి వచ్చేవంటే, అక్కడా పొలానికి ఎరువు ఇచ్చే పని జరిగేదా?

పురాతత్వ విద్యార్థిని:

జరిగేది, మొత్తం పద్ధతికి కీలకం కూడా అదే. వసంతంలో విత్తినప్పటి నుంచి కోత దాకా చేలు పశువులకు అందకుండా ఉండాలి. కంచెలు ఎంత కట్టినా ఆకలిగొన్న ఆవు ముందు నిలవవు. కాబట్టి మేలో మందను కొండకు పంపడం అంటే పంటను కాపాడుకోవడమే. నవంబరులో పంట ఇంటికి చేరాక, కొయ్యకాళ్లు, గట్లమీది గడ్డి మందలకు తెరుచుకుంటాయి, నేలకు ఎరువు చేరుతుంది. ఒక విధంగా చూస్తే బెల్టేన్, సౌన్ పండుగలు చేలకు కంచె మూసే రోజు, తెరిచే రోజు.

ఇక కంచెల గురించి ఐరిష్ న్యాయ గ్రంథాలు చూపిన శ్రద్ధ ఆశ్చర్యపరుస్తుంది. ఇరుగుపొరుగు ధర్మం గురించిన చట్టంలో నాలుగు రకాల కంచెలున్నాయి: కందకం తవ్వి మట్టి కట్ట వేసినది, రాతి గోడ, ఓక్ కొయ్యలతో వేసినది, గుంజలు పాతి కొమ్మలు అల్లినది. పక్కవాడి చేలో పడిన జీవం ఏదన్నదాన్ని బట్టి, పగలా రాత్రా అన్నదాన్ని బట్టి తప్పు మారేది. పట్టుకున్న పశువులను మన బందెలదొడ్డి లాంటి దొడ్డిలో పెట్టేవారు. హద్దుల్లేకుండా తిరిగే సంచార జనానికి ఇంత సూక్ష్మమైన హద్దుల చట్టం అవసరం ఉండదు. చరిత్ర పాఠకుడు గారి మొదటి ప్రశ్నకు నా దృష్టిలో ఇంతకంటే బలమైన జవాబు లేదు.

పశువైద్యుడు:

ఇన్నాళ్లూ చదివి ఊరుకునేవాణ్ని, కానీ ఇది నా వృత్తికి దగ్గరి విషయం. మందల ఊరివాడు గారు అడిగినట్టు ఒక్కో జీవాన్నీ విడిగా చూద్దాం.

ఆవుకు పైదవడ ముందుభాగంలో పళ్లు ఉండవు. అది నాలుకతో గడ్డిని చుట్టి తెంపుకుంటుంది, కాబట్టి కొంచెం పొడవున్న గడ్డి కావాలి. గొర్రె పెదవులతో ఏరుకుని నేల దాకా కొరుకుతుంది. మేక ముళ్లపొదల చిగుళ్లు, ఆకులు ఇష్టపడుతుంది. ఆవు తన పేడ పడిన చోట మొలిచిన గడ్డిని వదిలేస్తే గొర్రె దాన్ని మేస్తుంది. కడుపులోని నట్టల్లో చాలా రకాలు ఆవుకు వేరు, గొర్రెకు వేరు. కాబట్టి ఒకే బయలును ఆవులు, గొర్రెలు మార్చి మార్చి మేస్తే రెండింటికీ నట్టల బాధ తగ్గుతుంది. కార్జపు జలగ మాత్రం రెండింటికీ సోకుతుంది, తేమ నేలల్లో ఈ లాభం అక్కడ ఆగిపోతుంది.

కొండ గడ్డి స్వభావం కూడా ముఖ్యమే. ఐర్లాండ్, స్కాట్లాండ్, వేల్స్ కొండల మీద విస్తారంగా ఉండే మొలీనియా అనే గడ్డి మే నుంచి ఆగస్టు దాకా మాత్రమే పచ్చగా, బలంగా ఉంటుంది. శరదృతువులో ఎండి, తెల్లబారి, పనికిరాకుండా పోతుంది. ఆవు దాన్ని మేయాలంటే ఆ నాలుగు నెలలే. హీథర్ పొదలు ఏడాదంతా పచ్చగా ఉంటాయి గనుక గొర్రె శీతాకాలంలోనూ కొంత కాలం కొండమీద నెగ్గుకు రాగలదు.

మరో మాట. ఆ తేమ కొండ నేలల్లో నేటికీ పిడుదుల వల్ల ఆవులకు ఎర్ర మూత్రం వచ్చే జ్వరం సోకుతుంది. విచిత్రమేమిటంటే, నెలల వయసున్న దూడలకు అది సోకినా పెద్దగా బాధించదు, ఆ తర్వాత రోగనిరోధక శక్తి మిగులుతుంది. బయటినుంచి తెచ్చిన పెద్ద ఆవులే చనిపోతాయి. చిన్నప్పటి నుంచి ఏటా ఆ కొండకే ఎక్కే మందకు ఉండే బలం ఇలాంటిది.

చరిత్ర పాఠకుడు:

ఎంతో ఉపయోగకరంగా ఉంది. బెల్టేన్ నాడు పశువులను రెండు మంటల మధ్యనుంచి తోలేవారని విన్నాను. అది రోగాల కోసమేనా?

గాల్వే వాసి:

దాదాపు క్రీ.శ. 900 నాటి ఒక ఐరిష్ నిఘంటువులో ఆ సంగతి ఉంది. డ్రూయిడ్లు, అంటే క్రైస్తవానికి ముందటి పూజారులు, మంత్రాలతో రెండు మంటలు వేసి, ఏడాది పొడవునా వచ్చే తెగుళ్లనుంచి కాపాడడానికి పశువులను వాటి మధ్య నడిపించేవారని దాని సారాంశం. రాసింది క్రైస్తవ మత గురువులు కాబట్టి తమకు ముందటి కాలం గురించి చెబుతున్నారు. అయినా పశువులు కొండకు కదిలే రోజునే ఈ ఆచారం ఉండడం కల్పనగా కనిపించదు.

పశువైద్యుడు:

పొగ తగిలితే రోగాలు పోవు. అయితే ఇరుకైన దారిలో ఒక్కొక్క పశువును నడిపిస్తే, కుంటేది, ముక్కు కారేది, చిక్కిపోయినది కంటికి పడుతుంది. వేర్వేరు ఇళ్ల పశువులు కొండమీద కలిసే ముందు అలాంటి చూపు అవసరం. ఇది నా వృత్తి అనుభవంతో చెబుతున్న ఊహే, దానికి ఆధారం చూపలేను.

పాడి రైతు కూతురు:

ఇంతవరకూ ఎవరూ పాలు పితకడం గురించి మాట్లాడలేదు. నా దృష్టిలో ఈ పద్ధతి మొత్తం దానిచుట్టూనే తిరుగుతుంది. పాలిచ్చే ఆవును రోజుకు రెండుసార్లు పితకాలి. అది మే, జూన్ నెలల్లో, కొత్త గడ్డి మీద, వసంతంలో ఈనిన తర్వాత అత్యధికంగా పాలిస్తుంది. పాలను ఆ రోజే వెన్నగానో, పెరుగుగానో, జున్నుగానో మార్చాలి. ఆవు ఎక్కడ మేస్తే చేతులు, పాత్రలు, నీళ్లు అక్కడే ఉండాలి. కాబట్టి కొండకు ఎవరెళ్లారన్న ప్రశ్నకు జవాబు పితికే చేతులు ఎవరివైతే వాళ్లు వెళ్లారన్నదే. తరువాతి కాలపు సాక్ష్యాల్లో ఆడపిల్లలు, స్త్రీలు, చిన్నపిల్లలే ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. మగవాళ్లు దిగువన పంట చూసుకునేవారు.

దూడ సంగతి ఇంకా ముఖ్యం. పాత జాతుల ఆవు, దూడ కళ్లముందు లేకపోతే చేపదు. ముందు లేగదూడను విడిచి, అది రెండు గుక్కలు తాగి ఆవు చేపాక, దాన్ని పక్కకు లాగి కట్టి పితుకుతాం. దూడ రోజంతా తల్లితో ఉంటే పాలు మనకు మిగలవు, దూరంగా ఉంటే పాలే రావు. అందుకే తల్లిని ఒక బయలులో, దూడను మరో బయలులో మేపి, పూటకోసారి కలపాలి. ఆ కాలంలో దీన్ని ఎలా నడిపించారో చెప్పే ఆధారం ఏమైనా ఉందా?

గాల్వే వాసి:

ఉంది. 6వ శతాబ్దపు సెయింట్ కియరాన్ చిన్నప్పుడు దూడలు కాసేవాడని, చేతికర్రతో నేలమీద గీత గీస్తే ఆవులు ఒకవైపు, దూడలు మరోవైపు ఆగిపోయి ఆ గీత దాటేవి కావని ఆయన జీవితగాథలో చెబుతారు. తల్లీదూడలను రోజంతా విడదీసి ఉంచడం ఎంత కష్టమో తెలిసిన జనమే దాన్ని మహిమగా చెప్పుకోగలరు. దూడ చనిపోతే దాని చర్మాన్ని తల్లికి చూపి చేపించే ఉపాయం కూడా ఐర్లాండ్‌లో తెలిసినదే.

పురాతత్వ విద్యార్థిని:

దీనిమీద పురాతత్వవేత్తల మధ్య పెద్ద వాదమే నడిచింది. కిల్డేర్ ప్రాంతంలోని డూన్ ఆలిన్ ఇనుప యుగపు ఉత్సవ కేంద్రం. అక్కడ 1968 నుంచి 1975 దాకా జరిగిన తవ్వకాల్లో ఆవుల ఎముకలు ఎక్కువగా దొరికాయి. వాటిలో లేత వయసులో కోసిన దూడలవి, బాగా వయసైన ఆవులవి ప్రముఖంగా ఉన్నాయి. మాంసం కోసమే పెంచితే మధ్య వయసు కోడెలు ఎక్కువగా ఉండాలి. అందుకే దీన్ని పాడి వ్యవస్థకు గుర్తుగా చెప్పారు. కానీ దూడను ముందే కోసేస్తే తల్లి ఎలా చేపుతుందని కొందరు అడ్డుపడ్డారు. పాడి రైతు కూతురు గారి మాటలే ఆ ప్రశ్నకు మూలం. దూడను కోసే వయసుకు తల్లి ప్రధాన పాల కాలం ముగిసిపోయి ఉంటే రెండూ పొసగుతాయని నా అభిప్రాయం. దూడలు ఆరు నెలల వయసు దాకా బతికి, శరదృతువులో, మేత తగ్గే సమయంలో కోతకు వెళ్లి ఉంటే లెక్క సరిపోతుంది. కొండ దిగే కాలం కూడా అదే.

పాలు మిగిలాయనడానికి కంటికి కనిపించే సాక్ష్యం పీట్ నేలల్లో దొరికే వెన్న. ఐర్లాండ్, స్కాట్లాండ్‌లలో గాలి చొరని ఆ తడి నేలల్లో, కొయ్య పాత్రల్లో పెట్టి పాతిన వెన్న ముద్దలు వందల సంఖ్యలో దొరికాయి. తీసి చూస్తే మైనంలా గట్టిపడి, పసుపు తెలుపు కలిసిన రంగులో ఉంటాయి, కొన్నిటిపై పాత్ర లోపలి చెక్కుడు గుర్తులు అలాగే ఉంటాయి. 2019లో వెలువడిన ఒక పరిశోధన ఐర్లాండ్ నమూనాలు పాల కొవ్వేనని నిర్ధారించి, వాటిలో అతి పాతవి సుమారు క్రీ.పూ. 1700 నాటివని తేల్చింది. కొండమీద వేసవి పొడవునా తీసిన వెన్నలో కొంత నేలలో దాచారా, దేవతలకు సమర్పించారా అన్నది వేరే చర్చ.

మందల ఊరివాడు:

మరి గొర్రెలు, పందులు, గుర్రాలు?

గాల్వే వాసి:

గొర్రె తొలి ఐరిష్ చట్టాల్లో స్త్రీల పనితో దగ్గరగా ముడిపడి ఉంది. దంపతులు విడిపోయినప్పుడు ఉన్నిలో స్త్రీ వాటా, ఆమె దానిపై ఎంత పని చేసిందన్నదాన్ని బట్టి పెరిగేది. కత్తిరించిన ఉన్నిలో తక్కువ, దువ్వినదానిలో ఎక్కువ, నేసిన బట్టలో మరింత ఎక్కువ. ఆ గొర్రెలు చిన్నవి. స్కాట్లాండ్ వాయవ్యాన సెయింట్ కిల్డా దీవుల్లో మిగిలిన సోయే జాతి గొర్రెలను చూస్తే ఆ రూపం అర్థమవుతుంది, వాటి ఉన్ని ఏటా దానంతటదే ఊడుతుంది. సెయింట్ ప్యాట్రిక్ 5వ శతాబ్దంలో ఐర్లాండ్‌లో బానిసగా రోజూ మందలు కాసినట్టు స్వయంగా రాసుకున్నాడు. ఒంటరి కాపరి పని ఎలా ఉండేదో చెప్పే అరుదైన సొంత గొంతు అది.

పందులు కొండకు వెళ్లవు. వాటి స్థానం అడవి. శరదృతువులో ఓక్ కాయలు రాలినప్పుడు అడవిలోకి విడిస్తే శీతాకాలం ముందు బలుస్తాయి. గాల్‌లో, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతంలో, పందులు బయటే తిరుగుతూ, బలంలో, వేగంలో మేటిగా ఉండి, తోడేళ్లకు సైతం ప్రమాదకరమని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. గుర్రం స్థాయికి గుర్తు, స్వారీకి, రథానికి. మందను నడిపించే పని దానిది కాదు.

పురాతత్వ విద్యార్థిని:

పందుల విషయంలో ఒక చేర్పు. ఉత్తర ఐర్లాండ్‌లోని ఇనుప యుగపు ఉత్సవ కేంద్రం నావన్ కోట దగ్గర దొరికిన పంది, ఆవు, గొర్రె పళ్లను, ఎముకలను రసాయనికంగా పరీక్షించి 2019లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆ జంతువుల్లో చాలావరకు ఐర్లాండ్ వివిధ ప్రాంతాల్లో పెరిగినవి. తోలడానికి అంత అనువుకాని పందిని అంత దూరం విందు కోసం తెచ్చారంటే, అది కాలాన్ని బట్టి మేతకు మారడం కాదు, రాజుకో దేవతకో చెల్లించినది అయి ఉండాలి. రెండు రకాల ప్రయాణాలనూ వేరుగా చూడాలి.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. ఆవు పన్ను ఎనామెల్ పొరలు పొరలుగా ఏర్పడుతుంది. పంటి పైకొన నుంచి కింది వరకు అడ్డంగా సన్నని గీతలుగా పొడి తీసి చూస్తే, ఆ పశువు తొలి రెండేళ్ల మేత, నీరు కొంతవరకు తెలుస్తుంది. స్ట్రాన్షియం నేల స్వభావాన్ని, ఆక్సిజన్ ఋతువును చూపిస్తాయి. కానీ దిగువ పొలం, కొండ మేత రెండూ ఒకే రాతి నేలమీద ఉంటే, పశువు ఏటా పైకీ కిందికీ తిరిగినా పన్ను ఏమీ చెప్పదు. ఒక్క పూట నడక దూరంలో జరిగిన మార్పు ఇలాగే కనబడకుండా పోతుంది. కాబట్టి పళ్లలో ఆనవాలు లేనంతమాత్రాన ఆ పద్ధతి లేదని చెప్పలేం.

చరిత్ర పాఠకుడు:

అంటే దూరం తక్కువ కాబట్టి ఆధారం తక్కువ. దూరం ఎందుకు తక్కువ అన్నది ఇప్పుడు నాకు మిగిలిన ప్రశ్న. మధ్యధరా ప్రాంతంలో గొర్రెలను వందల కిలోమీటర్లు తోలేవారు కదా.

పాడి రైతు కూతురు:

పాలే కారణం. వెన్న తయారుచేసే కుటుంబం వెన్నను ఇంటికి చేర్చాలి, దిగువ పంట పనికి కబురు పంపాలి, చూడి ఆవులు, జబ్బుపడిన పిల్లలు ఉంటారు. ఇల్లూ కొండా రెండూ నడపాలంటే మధ్య దూరం నడిచి వచ్చేంతలోనే ఉండాలి. ఉన్ని కోసం పెంచే గొర్రెను రోజూ పితకాల్సిన పని లేదు. నలుగురు కాపరులు, కుక్కలు ఉంటే ఎంత దూరమైనా పోతారు.

గాల్వే వాసి:

దక్షిణ గాల్‌లో సరిగ్గా అదే కనిపిస్తుంది. రోన్ నది ముఖద్వారం దగ్గరి క్రో రాతి మైదానంలో రోమన్ కాలపు గొర్రెల దొడ్లు తవ్వకాల్లో బయటపడ్డాయి. దూర ప్రాంతాలనుంచి వేల గొర్రెలు అక్కడి రాతి నేలల్లో థైమ్ అనే సువాసన మొక్కను మేయడానికి వస్తాయని 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అది ఉన్ని మార్కెట్ కోసం నడిచిన దూర ప్రయాణం. ఐర్లాండ్‌లో అలాంటి మార్కెట్ లేదు, ఉన్నది పాడి.

పశువైద్యుడు:

శీతాకాలం ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. కోసి ఎండబెట్టిన గడ్డి లేకుండా అన్ని ఆవులను నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎలా బతికించారు?

గాల్వే వాసి:

731లో తన చరిత్ర గ్రంథం పూర్తిచేసిన ఇంగ్లీషు సన్యాసి బీడ్, ఐర్లాండ్‌లో మంచు చాలా తక్కువ కాబట్టి అక్కడ ఎవరూ వేసవిలో ఎండుగడ్డి కోసి దాచరని, పశువులకు కొట్టాలు కట్టరని రాశాడు. అట్లాంటిక్ గాలుల వల్ల శీతాకాలం మృదువుగా ఉండి, గడ్డి పెరుగుదల పూర్తిగా ఆగేది కొద్ది వారాలే. దీనికి తోడు వేసవిలో మేపకుండా వదిలిన దిగువ బయళ్లు శీతాకాలానికి మిగులుతాయి. మందను కొండకు పంపడంలోని రెండో లాభం ఇదే. అయినా వసంతం ముందు పశువులు చిక్కిపోయేవి, కరువు ఏడాది చాలా చచ్చిపోయేవి. దాదాపు 45,000 దాకా మిగిలిన వలయాకార మట్టికోటలు ఎక్కువగా క్రీ.శ. 600 నుంచి 900 మధ్యవి. శీతాకాలంలో మిగిలిన మందను తోడేళ్లనుంచి, దొంగలనుంచి కాపాడడం వాటి పనుల్లో ఒకటి. పశువులను దోచుకుపోవడం అప్పట్లో కొత్త రాజు తన సత్తా చూపే మార్గం కూడా.

ఈ మొత్తం వరసకు ఎదురుగా నిలిచే చోటు ఒకటి ఉంది, క్లేర్ ప్రాంతంలోని బరెన్. అక్కడ ఆవులు శీతాకాలంలోనే కొండ ఎక్కుతాయి. సున్నపురాయి పగటి వేడిని పట్టి ఉంచుతుంది, నీరు నిలవదు, పశువులు పొడిగా పడుకుంటాయి. బండల పగుళ్లలో గడ్డి వేసవంతా ఎవరూ మేయక పెరిగి ఉంటుంది. అక్టోబరు చివర్లో ఎక్కించి ఏప్రిల్‌లో దించుతారు. వేసవిలో అక్కడ నీళ్లు దొరకవు కాబట్టి దింపక తప్పదు. నేటికీ అక్కడి రైతులు ఈ పద్ధతినే పాటిస్తున్నారు.

మందల ఊరివాడు:

ఇప్పుడు నాకు స్పష్టమైంది. ఎక్కడా ఒకే క్యాలెండర్ పనిచేయదు. నేల ఏది ఎప్పుడు ఇస్తుందో చూసి, మంద దానికి తగ్గట్టు మారుతుంది. ఒక్క విషయం తెలుసుకోవాలనుంది. కొండమీద ఆ గుడిసెల ఆనవాళ్లను ఇప్పుడు ఎలా గుర్తిస్తారు?

పురాతత్వ విద్యార్థిని:

చాలావరకు రంగు చూసి. గోధుమరంగు హీథర్ మధ్య ఒక్కచోట ముదురు పచ్చగా, దట్టంగా గడ్డి, దురదగొండి మొక్కలు కనిపిస్తే, అక్కడ తరాలపాటు ఆవులు రాత్రి పడుకున్నాయని అర్థం. పేడ, మూత్రం వల్ల నేలలో చేరిన భాస్వరం శతాబ్దాల తర్వాతా అలాగే ఉంటుంది. దగ్గరికి వెళితే, వాగు పక్కన, గాలి తగలని మలుపులో, రెండు మూడు అడుగుల ఎత్తున కోడిగుడ్డు ఆకారపు రాతి పునాది, ఆపైన ఒకప్పుడు గడ్డిపెళ్లలు పేర్చిన గోడల మట్టిగుట్ట కనిపిస్తాయి. వాటిలో చాలా భాగం గత కొన్ని శతాబ్దాలవే. ఇనుప యుగానికి చెందినవి ఉన్నా, వాటిమీదే తరువాతి వాళ్లు గుడిసెలు కట్టారు గనుక పునాది కింద బొగ్గు ముక్కో, గింజో దొరికి రేడియోకార్బన్ పరీక్ష చేస్తే తప్ప వయసు తేల్చలేం. ఆ పచ్చని మచ్చలను పటాలుగా గుర్తించి, ఒక్కొక్కదానికింద తవ్వి చూసే పనే ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ అవసరం.